ఖర్చుల లెక్కల పుస్తకం కూడా పిల్లల చేతికే ఇవ్వండి

పల్లె యువతకు జీవన నైపుణ్యాలు రావాలంటే శిక్షణ తరగతులు పెంచాలని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఉద్దేశం మంచిదే, కానీ తరగతులతో ఆ పని అవుతుందని నాకు నమ్మకం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది జీవన నైపుణ్యాల్లో నిర్ణయం తీసుకోవడం, ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం, టెన్షన్‌ను తట్టుకోవడం ఉన్నాయి. ఇవి ఉపన్యాసం వింటే వచ్చేవా?

1902లో అమెరికాలోని ఒహాయోలో ఎ.బి. గ్రాహం అనే పాఠశాలల పర్యవేక్షకుడు పిల్లలకు మొక్కజొన్న, కూరగాయల సాగు అప్పగించారు, మట్టి పరీక్షలు చేయించారు. అదే తర్వాత ఫోర్-హెచ్ (4-H) అనే పిల్లల, యువత క్లబ్బుల ఉద్యమమైంది. చేస్తూ నేర్చుకోవడమే దాని పద్ధతి. అందులో నాకు బాగా నచ్చింది, పిల్లలు తమ ప్రాజెక్టు రికార్డు తామే రాయడం. దూడను పెంచే అమ్మాయి మేత ఖర్చు తనే రాసుకోవాలి. అది జబ్బు పడితే ఎవరిని అడగాలో తనే ఆలోచించాలి. నష్టం వస్తే అదీ రాయాలి. ఆ ఒక్క పేజీ పది క్లాసుల పెట్టు.

పిల్లల కోసం పెట్టే కార్యక్రమాల్లో చాలాచోట్ల డబ్బు, నిర్ణయాలు పెద్దల చేతిలోనే ఉంటాయి, పిల్లలు ఫొటోలకు నిలబడతారు. చూస్తే బాధేస్తుంది. చిన్న మొత్తమైనా సరే, ఖర్చు పెట్టే బాధ్యత వాళ్లకివ్వండి. తప్పు చేస్తే మందలించకుండా, ఎక్కడ పొరపాటు జరిగిందో కలిసి చూడండి.

ఇంకొకటి, ఇలాంటి పిల్లల బృందం సమావేశం చీకటి పడ్డాక పెడితే చాలామంది అమ్మాయిలు రాలేరు. కోతల రోజుల్లో అయితే ఎవరికీ కుదరదు. వేళ ఏదో ముందు పిల్లలనే అడగాలి.