రైతును ముంచింది ఒప్పందాలేనా?

వారం రోజులుగా ఒకటే మెసేజ్. బడి స్నేహితుల గ్రూపులో వచ్చింది, రొయ్య రైతుల గ్రూపులో వచ్చింది, చివరికి పెళ్లి పనుల కోసం పెట్టుకున్న చుట్టాల గ్రూపులోనూ వచ్చింది. "గోదావరి రైతును ముంచింది విదేశీ ఒప్పందాలే" అని పైన పెద్ద అక్షరాలు. కింద ఐదు పాయింట్లు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో చేసుకున్న ఒప్పందంతో పామాయిల్ దిగి కొబ్బరి పోయిందట. రొయ్య ధర పడిందీ ఒప్పందాల వల్లేనట. మన పన్నుల సొమ్ము పరాయి దేశాలకు దానం చేస్తున్నారట. ప్రపంచ బ్యాంకు అప్పు తెచ్చుకున్న చోటు బాగుపడలేదట. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్, బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల కూటమి బిమ్స్‌టెక్ ఫొటోలు దిగడానికేనట. ఆఖరున "అన్నీ రద్దు చేస్తే ఆరు నెలల్లో రైతే రాజు, పది మందికి పంపండి" అని ఉంది. పంపారు. పంపినవాళ్లలో డిగ్రీలు చదివినవాళ్లు, నిత్యం మార్కెట్ చూసేవాళ్లు ఉన్నారు. అందుకే ఒళ్లు మండి రాస్తున్నాను.

దానం సంగతి ముందు తేల్చేద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్ సుమారు 50.65 లక్షల కోట్లు. విదేశాలకు సాయం కింద పెట్టింది 5,483 కోట్లు. అంటే వంద రూపాయల్లో పదకొండు పైసలు. అందులో 2,150 కోట్లు ఒక్క భూటాన్‌కే. మన సాయంతో అక్కడ కట్టిన జలవిద్యుత్ కేంద్రాల మిగులు కరెంటు మనకే వస్తోంది. ఈ పాయింటుకు ఇంతకన్నా టైము ఇవ్వను.

ప్రపంచ బ్యాంకు అప్పు తెచ్చుకున్న చోటు బాగుపడలేదా? మీ చేలోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయండీ? ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పాతబడిపోతే కొత్త బ్యారేజీకి 1975లో అప్పిచ్చింది ఆ బ్యాంకు అనుబంధ సంస్థే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుఫాను తర్వాత పునర్నిర్మాణానికీ వాళ్ల అప్పే వచ్చింది. అప్పుతోపాటు పెట్టిన షరతుల మీద, ముఖ్యంగా కరెంటు సంస్కరణల మీద, కోపం ఉంటే ఆ మాట రాయండి. నేనూ గొంతు కలుపుతాను. తూముల్లో పారే నీళ్లను కాదంటే మాత్రం ఊరుకోను.

రొయ్య దగ్గరికి వద్దాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. మన రొయ్యకు అన్నిటికన్నా పెద్ద మార్కెట్ అదే. చెరువు గట్టు మీద కాటా పెట్టి, కిలోకు ఎన్ని తూగుతున్నాయో లెక్కేసి, ముప్పై కౌంటు అని ఒప్పుకున్నాక కూడా "కంపెనీ రేటు తగ్గించింది" అని కొనేవాడు ఫోను చూపించిన రోజులవి. వల లాగేశాక రైతు ఏం చేస్తాడు? సరుకు వెనక్కి తీసుకుని చెరువులో పోస్తాడా? ఇచ్చిన ధర తీసుకున్నాడు. కానీ ఆ రోజు అమెరికాతో మనకు ఏ వాణిజ్య ఒప్పందమూ లేదు. లేని ఒప్పందం మన రొయ్యను ఎలా ముంచింది? మన పోటీదారు ఈక్వెడార్ మీద పడింది 15 శాతం. ఒప్పందం ఉంటే పూర్తి రక్ష అని నేను చెప్పను. కొరియాకు అమెరికాతో ఒప్పందం ఉన్నా 15 శాతం తప్పలేదు. కానీ 15కూ 50కీ ఎంత తేడానో చెరువు లీజు కట్టేవాడికి తెలుసు. అదే ఏడాది జులైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందం ప్రకారం అక్కడ మన రొయ్య మీద సుంకం ఉండదు. దాన్నీ రద్దు చేయమంటారా?

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన పాయింటు, పామాయిల్. ఇది అబద్ధం కావడం ఒక్కటే కాదు, అడగాల్సినవాళ్లను వదిలేసేలా చేస్తోంది.

ఆసియాన్ దేశాలతో ఒప్పందం 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇండోనేషియా, మలేషియాల నుంచి పామాయిల్ రావడం నిజం. దాని మీద సుంకాన్ని మెల్లమెల్లగా తగ్గించడానికి మనం ఒప్పుకున్నదీ నిజం. కానీ ఎంతకు తగ్గించడానికి? ముడి నూనె మీద 37.5 శాతానికి, శుద్ధి చేసిన నూనె మీద 45 శాతానికి. అంతవరకు వేసుకునే హక్కు మన చేతిలోనే ఉంది. మరి ఢిల్లీ ఏం చేసింది? 2021 అక్టోబరులో ముడి నూనె మీద ప్రాథమిక సుంకాన్ని సున్నా చేసింది. సెస్సు కొద్దిగా మిగిలింది. దాదాపు మూడేళ్లు అలాగే నడిపింది. 2024 సెప్టెంబరులో 20 శాతం వేసింది. 2025 మే 30న దాన్ని మళ్లీ పదికి దించింది. ఇందులో ఏ అడుగు ఆసియాన్ వేయించింది? ఒక్కటీ కాదు.

వంటనూనె ధర మండుతున్నప్పుడు సుంకం తగ్గించడం పాపమని నేననను. మనం వాడే నూనెలో సగానికి పైగా దిగుమతే. కొనుక్కునేవాళ్లూ మనవాళ్లే. కానీ ద్వారకా తిరుమల, చింతలపూడి వైపు మెరకలో పామాయిల్ వేసిన రైతుకు టన్ను గెల ధర ఈ సుంకంతోపాటే ఎక్కుతుంది, దిగుతుంది. మొక్క వేశాక మూడు నాలుగేళ్లు ఆగాలి, ఆ తర్వాత పాతికేళ్లు తోట తీసేయలేడు. "పామాయిల్ వేయండి, దేశానికి నూనె కావాలి" అని ఒక చేత్తో రాయితీ ఇచ్చి, ఇంకో చేత్తో చెప్పాపెట్టకుండా సుంకం కోసేస్తే వాడెక్కడికి పోతాడు? ఇది అడగాల్సిన ప్రశ్న. మెసేజ్ రాసిన మహానుభావుడు దాన్ని ఆసియాన్ ఆఫీసున్న జకార్తాకు పంపించి చేతులు దులుపుకున్నాడు.

కొబ్బరి పోయిందన్నారు. 2025లో కొబ్బరి ధర రికార్డు స్థాయికి ఎక్కింది. కోనసీమలో అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో అడగండి. ఆసియాన్ ఒప్పందం ఆ ఏడాది కూడా ఉంది.

మెసేజ్‌లో అసలు లేని ఊరు కాకినాడ. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. 2024 సెప్టెంబరు 28 దాకా ఎత్తలేదు. కాకినాడ యాంకరేజి రేవులో లారీ నుంచి బార్జికి, బార్జి నుంచి సముద్రంలో ఆగిన ఓడకు బస్తాలు చేర్చి బతికేవాళ్ల పని దెబ్బతింది. ఆ బియ్యం చాలావరకు పోయేది ఆఫ్రికా దేశాలకు, ఈ మెసేజ్ "దానం పుచ్చుకుంటున్నారు" అని తిట్టిన దేశాలకే. డబ్బిచ్చి కొనేవాళ్లను బిచ్చగాళ్లనడం సిగ్గుచేటు. పైగా తలుపు మూసింది ఏ పరాయి దేశమూ కాదు.

సార్క్, బిమ్స్‌టెక్ మీద మాత్రం మీరన్నదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను. సార్క్ దేశాధినేతలు చివరిసారి కలిసింది 2014లో ఖాట్మండులో. బిమ్స్‌టెక్ స్వేచ్ఛా వాణిజ్యానికి 2004లోనే చట్రం రాసుకున్నారు, ఒప్పందం ఇప్పటికీ పూర్తి కాలేదు. బంగాళాఖాతానికి ఈ ఒడ్డున ఉన్న మనకు ఆ ఒడ్డుతో వ్యాపారం ఇంత తక్కువగా ఉండటం నన్నూ బాధిస్తుంది. అయితే జబ్బు పొత్తు ఎక్కువవడం కాదు, తక్కువవడం.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను, మెసేజ్‌లో లేకపోయినా. ఈ ఒప్పందాలకు మన దేశంలో పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. కేంద్ర మంత్రివర్గం సరే అంటే చాలు. 2009లో ఆసియాన్ ఒప్పందం మీద కేరళలో మానవహారం కట్టారు. మన దగ్గర అంత గొడవ జరగలేదు. ఆ ఒప్పందాన్ని సమీక్షించడానికి 2023లో రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. మనం అడగాల్సింది అక్కడ. రైతుతో మాట్లాడకుండా నూనె సుంకం మార్చవద్దని, సమీక్షలో కొబ్బరి, పామాయిల్ రైతుల మాట వినాలని మన ఎంపీలకు ఒక అర్జీ రాద్దాం. అమలాపురం, నరసాపురం, ఏలూరు, కాకినాడ, రాజమండ్రి, ఐదుగురికీ. కాగితం నేను తయారు చేస్తాను. మెసేజ్ పంపినవాళ్లంతా వచ్చి సంతకం పెట్టండి.