క్వార్టర్స్ ఖాళీ చెయ్యండి సార్!

పోరుమామిళ్ళ,
కడప జిల్లా.

మహారాజశ్రీ సీసపు గుండు గారికి,

ఉభయకుశలోపరి అని రాయబోయి కలం ఆపాను. తమరి కుశలానికేం లోటు? వేట తుపాకీ తూటాలోంచి రాలిపడి, అరవై ఏళ్ళుగా మా చెరువు బురదలో కాళ్ళు చాపుకుని పడుకున్నారు. తుప్పు పట్టరు, కుళ్ళరు, పైకి తేలరు. రిటైరై కూడా గవర్నమెంటు క్వార్టర్స్ వదలనివాళ్ళను చూశాను గానీ తమరంత ఓపిక ఎవరికీ లేదు.

తమరిని మొదటిసారి చూసింది మా జేజి అరచేతిలో. వన్యప్రాణి చట్టం ఇంకా రాని రోజులు. చిన్నాయన తెల్లారుజామున తుపాకీ భుజానేసుకుని చెరువుకు పోయి అడవి బాతును కొట్టుకొచ్చాడు. జేజి కత్తిపీట ముందేసుకుని కందనకాయను చీల్చి, లోపలి ఇసుకను చేతిలోకి దులిపింది. గులకరాళ్ళ మధ్య రెండు నల్లటి బిళ్ళలు. అరిగి అరిగి కందిపప్పు బద్దల్లా ఉన్నాయి. కందనకాయను అటూ ఇటూ తిప్పి చూసి, "పైన చిల్లే లేదు కదరా. ఇవి మీ చిన్నాయన కొట్టినవి కాదు, ఇది మింగినవి" అంది. సంగటిలోకి కూర మాత్రం బ్రహ్మాండంగా ఉంది, అబద్ధమెందుకు.

జేజి మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. బాతుకు పళ్ళుండవు. పళ్ళూడిన జేజి చిన్న రోట్లో వక్కాకు దంచుకున్నట్టు, అది గులకరాళ్ళు మింగి కందనకాయలో గింజలు నూరుకుంటుంది. బురదలో తమరు రాయిలాగా ఉంటారు, గింజలాగా కూడా ఉంటారు. (ఇన్ని వేషాలు వచ్చినవాడు మా దగ్గరైతే ఎమ్మెల్యే అయిపోయేవాడు.) లోపలికి పోయాక కందనకాయ నూరుతుంది, పొట్టలోని ఆమ్లం కరిగిస్తుంది, తమరు విషమై నెత్తుట్లో కలుస్తారు. రెక్కలు కొట్టం కప్పులా వాలిపోతాయి, రెట్ట పచ్చగా మారుతుంది, రొమ్ము ఎముక కత్తిలా పైకి తేలుతుంది. దీనికి తమరు ఒకరో ఇద్దరో చాలు. ఒక్క తూటాలో వందకు పైగా బయల్దేరతారు, బాతుకు తగిలేది నలుగురైదుగురు. మిగతా బంధుబలగమంతా నీళ్ళలోకి దిగి, వచ్చే ఏడాది వలస బాతుల కోసం కాచుకుంటుంది. చిన్నాయన గురి తప్పినా తమరి గురి తప్పదు.

1991లో అమెరికా నీటిపక్షుల వేట నుంచి తమరిని దేశమంతటా దించేసింది. బాతుల్ని తిన్న గద్దలు కూడా చస్తున్నాయని, అదీ వాళ్ళ రాజముద్ర మీది గద్ద అని, అప్పటికి నొప్పి తెలిసింది. డెన్మార్క్ 1996కల్లా అన్ని రకాల వేటల్లోనూ తమరిని బంద్ చేసింది. యూరోపియన్ యూనియన్ చిత్తడి నేలల వరకు 2023లో మేలుకుంది. అదే 1991లో మన దేశం లైసెన్సు వేటకు కూడా మంగళం పాడింది. వాళ్ళు వేటగాణ్ణి ఉంచి తమరిని పంపించారు, మనం వేటగాణ్ణి పంపించి తమరిని ఉంచుకున్నాం. తమరి పేరు మీద నోటీసే పుట్టలేదు.

తమరి ఖాళీలో అక్కడ చేరినవాళ్ళ సంగతి విన్నారా? మొదట ఇనుము. తమరి బరువు నీళ్ళకు పదకొండింతల పైచిలుకు, ఇనుముది ఎనిమిదింతలు కూడా ఉండదు. దూరం పోదని వేటగాళ్ళు గోల పెట్టారు. రెండు సైజులు పెద్ద గుండు వాడండి, బాతు దగ్గరికొచ్చాక కొట్టండి అన్నారు. అంటే సరిగ్గా చూసి కొట్టమని! ఇంతకంటే అన్యాయం ఉంటుందా? ఇనుము గట్టిది కాబట్టి తాతల నాటి తుపాకీ గొట్టాలు పాడవుతాయని ఇంకో గోల. ఆ గొట్టాలకు బిస్మత్ అనే మెత్తటి లోహం వచ్చింది. ఉత్తదైతే పెళుసు, అందుకని తగరం కలుపుతారు. కడుపులో పుండుకు డాక్టర్లు రాసే కొన్ని మాత్రల్లోనూ బిస్మత్ ఉంటుంది, తమరు కూడా కడుపులోకే వెళ్తారు మరి. ఇక టంగ్‌స్టన్, పాత బల్బు తీగ లోహం, తమరికంటే బరువైనది. సంబంధం మంచిదే గానీ కట్నం తూగలేం.

మా చెరువు 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని శాసనంలో ఉంది. చెరువుకు ఆరు దోషాలని కూడా చెక్కించాడు: కట్ట నుంచి నీళ్ళు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేర, నడుమ మిట్ట, అలా. తమరి పేరు అందులో లేదు. చెక్కినవాడి తప్పు కాదు, అప్పటికి చిన్నాయన పుట్టలేదు.

మొన్న సాయంత్రం కట్ట మీద ఒక కుర్రాడు విసురువల బాగుచేసుకుంటున్నాడు. వల అంచు పొడుగునా దండ గుచ్చినట్టు తమరే. బ్రిటన్‌లో హంసలు చస్తున్నాయని 1987లోనే గాలానికి కట్టే చిన్న సీసపు గుండ్లను ఆపించారని చెప్పబోయాను. "ఇనుపవి వేసుకోరాదా అబ్బీ?" అంటే, "తుప్పు పడతాయి సార్, ఇవైతే జీవితాంతం" అన్నాడు. మాట్లాడుతూనే ఊడిపోయిన గుండును దారానికి పట్టించి, పళ్ళతో కొరికి బిగించాడు. ఆ తర్వాత ఉమ్మేశాడో మింగాడో, చీకట్లో సరిగ్గా కనపడలేదు.

ఇట్లు,
తమరి పాత పరిచయస్థుడు,
జేజి మనవడు