డేటాబేస్ మీటింగులు గోదావరి జిల్లాల్లో ఎందుకు పెట్టరండి?

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ గురించి నలుగురితో కూర్చుని మాట్లాడాలంటే అమలాపురంలో ఉన్నవాడు బెంగళూరు దాకా ఎందుకు పోవాలండి? ఏటా పీజీకాన్ఫ్ ఇండియా అనే పోస్ట్‌గ్రెస్ సభ అక్కడే జరుగుతుంది. మంచి సభే, నేను కాదనను. కానీ కాకినాడ వెళ్ళి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణం, అక్కడ రూము, ఎంట్రీ టికెట్టు, ఆఫీసుకి సెలవు. ఇవన్నీ భరించగలిగేది కంపెనీ పంపినవాళ్ళే. కొబ్బరి వర్తకుల లెక్కలూ, రైసు మిల్లుల బిల్లులూ, రొయ్యల కొనుగోళ్ళూ చూసుకునే చిన్న ఆఫీసులవాళ్ళం వెళ్ళలేం. వాడేది మాత్రం అందరం ఆ డేటాబేసే.

అందుకే మొన్న ఆదివారం కాకినాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఓపెన్ సోర్స్ డేటాబేస్ (కోడ్ అందరికీ తెరిచి ఉండేది) మీద పనిచేసేవాళ్ళు కలుస్తున్నారని తెలిసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం మీదుగా పొద్దున్నే బస్సులో వెళ్ళిపోయాను. తిరిగొచ్చేటప్పుడు సంతోషం ఎంతుందో కోపమూ అంతే ఉంది. రెండూ రాస్తాను, కాస్త పెద్ద పోస్టే అవుతుంది.

ముందు కోపం సంగతి. పది గంటలకి మొదలవ్వాల్సిన సభలో పదకొండున్నర దాటినా డేటాబేస్ ఊసే లేదు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, పెద్దల్ని ఒక్కొక్కరినే వేదిక మీదకి పిలవడం, శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు. ముఖ్య అతిథిగారి ప్రసంగమంతా ప్యాకేజీల మీదే సాగింది, ఎంత జీతం వస్తుంది, ఏ కోర్సు చేస్తే వస్తుంది అని. వెనక వరసల్లో పిల్లలు సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారా అని చూస్తున్నారు. వాళ్ళని నేను ఒక్క మాట అనను. అటెండెన్స్ వేస్తామని చెప్పి కూర్చోబెడితే ఎవరైనా అదే చూస్తారు. ఆదివారం సెలవు మానుకుని వచ్చిన పిల్లలకి అసలు చెప్పాల్సిన కథ చెప్పలేదు కదా, నా బాధ అదీ.

ఆ కథ ఎంత బాగుంటుందంటే, 1986లో బర్కిలీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ మైకేల్ స్టోన్‌బ్రేకర్ పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. కొన్నేళ్ళకి యూనివర్సిటీ దాన్ని ఆపేసింది. అప్పుడు ఆండ్రూ యూ, జాలీ చెన్ అని అక్కడి విద్యార్థులిద్దరు 1994లో దానికి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) జోడించి, పోస్ట్‌గ్రెస్95 పేరుతో అందరికీ వదిలిపెట్టారు. 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా దానికి యజమాని లేడు. దేశదేశాల వాళ్ళు కలిసి ఏటా ఒక పెద్ద వెర్షన్ తెస్తున్నారు, ఒక్కో వెర్షన్‌ని ఐదేళ్ళు కనిపెట్టుకుని ఉంటున్నారు. విద్యార్థులిద్దరు పూనుకోకపోతే ఆ కోడ్ ఏమయ్యేదో! ఈ ముక్క ఆ హాల్లో నిండా కూర్చున్న విద్యార్థులకి మైకులో చెప్పినవాళ్ళు లేరు. శాలువాలకి పోయిన టైములో పదో వంతు చాలు దీనికి.

ఇక సంతోషం. భోజనాలయ్యాక ముఖ్య అతిథులు వెళ్ళిపోయారు, వాళ్ళ వెనకే సగం జనమూ వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం కుర్చీలు ముందుకి లాక్కుని తెర దగ్గర చేరాం. అప్పుడు ఫైనలియర్ చదివే ఒక అమ్మాయి లేచి, "నేను చిన్నది ఒకటి చూపిస్తానండి, తెలుగులో చెప్పొచ్చా అండి?" అనడిగింది. అప్పటిదాకా అంతా ఇంగ్లీషే నడిచింది మరి. "చెప్పమ్మా, చెప్పు" అని అందరం ఒక్కసారే అన్నాం.

తెర మీద పక్కపక్కనే రెండు టెర్మినళ్ళు, అంటే కమాండ్లు కొట్టే కిటికీలు, పెట్టింది. ఎడమ దాంట్లో బిగిన్ కొట్టి ఒక ట్రాన్సాక్షన్ (ఒక్కటిగా లెక్కేసే మార్పుల వరస) మొదలుపెట్టి, ఏదో సంబంధం లేని టేబుల్లో ఒక్క రికార్డు మార్చి, దాన్ని ఖాయం చేసే కమిట్ కొట్టకుండా వదిలేసింది. కుడి దాంట్లో రొయ్యల రేట్ల టేబుల్ ఉంది, ముప్పై కౌంటు (కిలోకి ముప్పై రొయ్యలు), నలభై కౌంటు, వంద కౌంటు అని. పూటకోసారి మారే రేట్లు కదా, అలాగే ఆ రికార్డులన్నిటినీ మళ్ళీ మళ్ళీ అప్‌డేట్ చేసింది. పోస్ట్‌గ్రెస్‌లో రికార్డు మార్చితే పాతది చెరిగిపోదు. పాతది అక్కడే ఉంటుంది, పక్కన కొత్తది పుడుతుంది. ఆ పాతవాటిని ఏరేయడానికే వాక్యూమ్. కుడివైపు వాక్యూమ్ వెర్బోస్, అంటే ఏం చేసిందో చెప్తూ చేసే వాక్యూమ్, కొట్టింది. ఒక్కటీ పోలేదు! చచ్చిన రికార్డులు ఇన్ని ఉన్నాయి గానీ ఇంకా తీయడానికి వీల్లేదని వచ్చింది. "ఎడమవైపు ఆ ట్రాన్సాక్షన్ ఇంకా నడుస్తోంది కదండి. పాతవి దానికి అవసరం పడతాయేమోనని ఇది ముట్టుకోదండి" అంది. ఎడమవైపు కమిట్ కొట్టి, కుడివైపు మళ్ళీ వాక్యూమ్ చేసింది. అన్నీ పోయాయి.

మా వైపు కాలువల్లో పూడికలాంటిదే ఇది. తేడా ఏంటంటే కాలువకి వేసవిలో నీళ్ళు కట్టేసి పూడిక తీస్తారు, దీనికి నీళ్ళు పారుతుండగానే తీయాలి. డిఫాల్ట్ సెట్టింగుల్లో టేబుల్లో సుమారు ఐదో వంతు పాతబడితే గానీ తనంతట తాను నడిచే ఆటోవాక్యూమ్ కదలదు. కోటి రికార్డులుంటే ఇరవై లక్షలు చచ్చేదాకా ఆగుతుందన్నమాట. పెద్ద టేబుళ్ళకి ఆ సంఖ్య విడిగా తగ్గించుకోవాలి. వాక్యూమ్ అయిపోయినా ఫైలు సైజు మామూలుగా తగ్గదు, ఆ ఖాళీలో కొత్తవి పడతాయి. ఇవన్నీ ఆ అమ్మాయి అరగంటలో, మా జిల్లా తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా చెప్పేసింది. రాజమండ్రి నుంచి వచ్చిన ఒకాయన తన సర్వర్ డిస్కు ఎందుకు నిండిపోతోందో అప్పటికప్పుడు పట్టుకున్నాడు. ఫోన్లోంచే లాగిన్ అయి చూస్తే, ఎప్పుడో తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్ ఒకటి అలాగే ఉంది. ఆయన మొహం చూడాలి!

తర్వాత టీ తాగుతూ అడిగాను, బెంగళూరు సభలో ఇది చెప్పడానికి పేరు పంపొచ్చు కదమ్మా అని. "మా ఇంట్లో బెంగళూరంటే పంపరండి. కాకినాడ అంటేనే మా నాన్నగారు స్టాండు దాకా వచ్చి బస్సెక్కించారు" అంది.

పెద్ద ఊళ్ళలో సభలు పెట్టేవాళ్ళు దీని గురించి ఆలోచించాలి. అందరికీ తలుపులు తీసే ఉన్నాయని అంటారు. తీసే ఉన్నాయి, నిజమే. ఆ తలుపు దాకా రావడానికి డబ్బూ, సెలవూ, ఇంట్లో అనుమతీ ఉండాలి కదా. భీమవరంలో, తణుకులో, పాలకొల్లులో, అమలాపురంలో పెడితే ఇలాంటి పిల్లలు ఇంకెంతమంది బయటికొస్తారో! మా ప్రాంతంలో ఇంజినీరింగ్ కాలేజీలకి కొదవా? ఆదివారం ఖాళీగా ఉండే ల్యాబులకి కొదవా?

సాయంత్రం నలుగురైదుగురం మిగిలాక తెలుగు సంగతి వచ్చింది. నన్ను రాత్రంతా నిద్రపోనివ్వనిది అదే.

సుబ్బలక్ష్మి అని రాయండి. మన కంటికి నాలుగక్షరాలు. పోస్ట్‌గ్రెస్‌ని పొడవెంతని అడిగితే పన్నెండు అంటుంది. సున్నపు బొట్టంత ఒత్తూ, గుణింతపు గుర్తూ, పొల్లూ అన్నీ యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే పద్ధతిలో) విడివిడి సంకేతాలు మరి. పేరుకి పది అక్షరాలు చాలులే అని ఎవరో హైదరాబాదులో కూర్చుని కాలమ్ కట్టేస్తే, మా ఊరి సుబ్బలక్ష్మిగారి పేరు అందులో పట్టదు, ఎర్రర్ కొడుతుంది. లక్ష్మి అనే పేరులో మొదటి మూడు అక్షరాలు ఇమ్మంటే "లక్" అని పొల్లు దగ్గర తెగ్గోసి ఇస్తుంది. ఇది పోస్ట్‌గ్రెస్ లోపం కాదు, యూనికోడ్ లెక్క ప్రకారం అది చేస్తున్నది సరైనదే. టేబుల్ కట్టేవాళ్ళకి తెలుగు అక్షరం ఎలా నిలువ ఉంటుందో తెలియకపోవడమే అసలు గొడవ. అది చెప్పాల్సింది మనమే కదా.

వెతకడం దగ్గర ఇంకా కష్టం. రైతు ఫిర్యాదుల్లో "చేలో నీళ్ళు నిలిచిపోయాయి" అని ఉంటుంది. మీరు "చేను" అని వెతికితే అది దొరకదు. ఇల్లు అని వెతికితే ఇంట్లో, ఇంటికి రావు. ఊరు అంటే ఊళ్ళో రాదు. మాటకి ప్రత్యయం చేరినా, రూపం మారినా, మూలం ఒకటేనని డేటాబేస్‌కి చెప్పే నియమాల మూటని స్టెమ్మర్ అంటారు. పోస్ట్‌గ్రెస్ వీటిని స్నోబాల్ అనే మరో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నుంచి తీసుకుంటుంది. 2019లో వచ్చిన పన్నెండో వెర్షన్‌లో తమిళం, నేపాలీ చేరాయి. 2021లో పద్నాలుగులో హిందీ చేరింది, దాంతోపాటు బాస్క్, కాటలాన్, యిడ్డిష్ కూడా. 2025లో వచ్చిన పద్దెనిమిదిలో ఎస్టోనియన్ చేరింది. ఎస్టోనియా జనాభా పదిహేను లక్షలు కూడా ఉండదండి. తెలుగు మాట్లాడేవాళ్ళం ఎనిమిది కోట్ల పైచిలుకు. మనది లేదు.

దీనికి ఎవర్నీ నిందించే పని లేదు. ఎవరూ వద్దనలేదు. ఎస్టోనియన్ వాళ్ళు కూర్చుని రాసుకున్నారు, చేరింది. మనలో సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళు లేరా? అమీర్‌పేటలో డేటాబేస్ కోర్సులు చేసి ప్రపంచమంతా సర్దుకున్నవాళ్ళం మనం. కానీ ఇల్లు ఇంటికి ఎలా అవుతుందో, చెయ్యి చేతికి ఎలా అవుతుందో, ఏది నియమం ఏది మినహాయింపో చెప్పగలిగిన తెలుగు మేష్టార్లూ, కోడ్ రాయగలిగిన పిల్లలూ ఒక గదిలో కూర్చోవాలి. అది బెంగళూరు సభలో జరిగే పని కాదు. కాకినాడలో జరుగుతుంది, నరసాపురంలో జరుగుతుంది.

ఇది చెప్తుంటే అక్కడే ఒకాయన, "ఇవన్నీ చేస్తే జీతం ఎవరిస్తారండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే, తేలిగ్గా తీసెయ్యను. కుటుంబాలున్నవాళ్ళం. కానీ మైఎస్‌క్యూఎల్ అనే మరో ఓపెన్ సోర్స్ డేటాబేస్ కథ చూడండి. 2008లో సన్ కంపెనీ దాన్ని వంద కోట్ల డాలర్లకి కొంది. 2009లో సన్‌ని కొంటానని ఒరాకిల్ ప్రకటించి, 2010లో కొనేసింది. మైఎస్‌క్యూఎల్‌ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన మాంటీ విడెనియస్ 2009లోనే తన పాత కోడ్ పట్టుకుని విడిగా మరియాడీబీ పెట్టుకోవాల్సి వచ్చింది. మన వ్యాపారాలన్నీ నడిచే డేటాబేస్ ఎవరి చేతిలో ఉందన్నది మనకి పట్టని విషయమేమీ కాదు. పోస్ట్‌గ్రెస్‌ని నడిపించే కోర్ టీములో ఏ ఒక్క కంపెనీవాళ్ళూ సగానికి మించి ఉండకూడదని నియమం పెట్టుకున్నది అందుకే.

ఇంకోటి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఏదో వేగం కొలుస్తూ, సర్వర్‌లోకి లాగిన్ అవడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. సర్లే అని వదిలేయలేదు. తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో కావాలని పెట్టిన దొంగదారి బయటపడింది. అది లినక్స్ సర్వర్లన్నిటికీ పాకకముందే ఆగింది. ఆ అర సెకను మీద అనుమానం ఊరికే రాదు. ఏళ్ళ తరబడి ఇలాంటి పనిలో, ఇలాంటి మనుషుల మధ్య ఉంటే వస్తుంది. రెండు టెర్మినళ్ళు పెట్టి చూపించిన ఆ అమ్మాయిలో నాకు ఆ చూపు కనిపించింది. అలాంటివాళ్ళకి జీతం ఇచ్చేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు, వస్తున్నారు కూడా.

కాబట్టి నేను అడిగేది ఇదీ. వచ్చేసారి వేదిక వద్దు, ముఖ్య అతిథి వద్దు. పొద్దున పూట పోస్ట్‌గ్రెస్ కమిట్‌ఫెస్ట్‌లో (వచ్చిన కోడ్ మార్పుల్ని పరిశీలించే చోట) ఉన్న ఒక చిన్న ప్యాచ్, అంటే కోడ్ మార్పు, తీసుకుని, అందరం కలిసి కంపైల్ చేసి, టెస్టులు నడిపి, చూసింది చూసినట్టు వాళ్ళకి రాసి పంపుదాం. అక్కడ ప్యాచ్‌లు పంపేవాళ్ళు ఎక్కువ, చూసిపెట్టేవాళ్ళు తక్కువ. కొత్తవాళ్ళు చూసినా సంతోషంగానే తీసుకుంటారు. మధ్యాహ్నం తెలుగు స్టెమ్మర్ పని. మాట్లాడేది తెలుగులోనే.

దీనికి ఒక ల్యాబు, ప్రొజెక్టరు, ఇంటర్నెట్టు కావాలి. భీమవరం, తణుకు, నరసాపురం వైపు కాలేజీల్లో పనిచేసే లెక్చరర్లు ఎవరైనా ఒక ఆదివారం ల్యాబు ఇప్పించగలిగితే నాకు మెసేజ్ పెట్టండి. భోజనాల ఖర్చు మా ఆఫీసు పెట్టుకుంటానంది. తెలుగు మేష్టార్లు తప్పకుండా రావాలి, కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు. వచ్చేవాళ్ళు మీ రోజువారీ పనిలో వాడే నామవాచకాలు ఒక వంద రాసుకు రండి, ప్రతిదానికీ -లో, -కి, -తో, -ల రూపాలతో సహా. చేను, చెరువు, గట్టు, బోదె, కల్లం, కాటా, ఏవైనా సరే. నేను నా వంద ఇప్పటికే మొదలుపెట్టాను. "కొబ్బరికాయ" దగ్గరే చాలాసేపు ఆగిపోయాను, కొబ్బరికాయలు, కాయల, కాయకి, కాయల్లో... దీన్ని ఒక మాటగా తీసుకోవాలా రెండుగా విడగొట్టాలా అన్నది తేలట్లేదు. తెలిసినవాళ్ళు కింద చెప్పండి.