మహారాజశ్రీ గీజరు గారికి

మహారాజశ్రీ గీజరు గారి సముఖానికి, తమకి బాత్రూంలో గోడ ఇచ్చిన పటమట గృహస్థు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. తమకి కుశలం లేదని నిన్న భోగి పొద్దున తెలిసింది.

అయినా ఏడాదికి మీకున్న పనెంతండీ? బెజవాడలో ఎండాకాలం వస్తే డాబా మీద ట్యాంకు నీళ్లే కాగుతాయి. మేలో మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి చుర్రుమంటుంది. మీ డ్యూటీ అంతా ధనుర్మాసం నుంచి శివరాత్రి దాకా. ఆ కాస్త రోజుల్లోనూ సరిగ్గా తలంటు రోజు చూసి అలిగారు. పండక్కి అలగాల్సింది అల్లుడు కదా! ఆయన పాపం తలనిండా నూనెతో వణుకుతూ కూర్చున్నాడు.

వారం నుంచీ మీ కడుపులో పేలాలు వేయిస్తున్న చప్పుడు వస్తుంటే వయసు మీద పడిందనుకున్నాం. ఎలక్ట్రీషియన్ వచ్చి కింద ప్లేటు విప్పాడు. బొలబొలా తెల్లటి పెచ్చులు. "ముగ్గుపిండి కొనక్కర్లేదు సార్" అన్నాడు. పండగ పూట మనిషి దొరకడమే గొప్ప, అందుకని నవ్వాను.

మాకు వంటకి కృష్ణ నీళ్లు, స్నానానికి బోరు నీళ్లు. బోరు నీళ్లలో కరిగి ఉన్న సున్నం వేడి తగలగానే విడిపోయి కాయిల్‌కి పట్టేస్తుందట. కాయిల్ వేడి ఆ పెచ్చు దాటి నీళ్లలోకి పోలేక కాయిలే మాడిపోతుంది. ట్యాంకుకి రావాల్సిన తుప్పుని తన మీదికి తెచ్చుకుని అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ కూడా మీలో ఉందని అప్పుడే విన్నాను. బయటికి తీస్తే సన్నటి తీగ మిగిలింది. ఆరేళ్లలో ఒక్కసారీ చూస్తే కదా!

మా నాయనమ్మ రాగి కాగుని వారానికోసారి చింతపండేసి తోమేది. నేనూ తక్కువ చేయలేదు. ఏటా ఆయుధపూజకి పసుపు రాసి మూడు బొట్లు పెట్టాను. లోపల కూడా కడగాలని ఎవరైనా చెప్పారా? (చెప్పారట. మీతో వచ్చిన పుస్తకంలో ఉందట. అది అట్టపెట్టెతో సహా అటక మీద భద్రంగా ఉంది.)

తీరా వింటే పెద్ద పనేం కాదు. కరెంటు ఆపే ఎంసీబీ మీట దించి, నీళ్లు చల్లారాక, లోపలికొచ్చే నీళ్లు కట్టేసి, గాలి ఆడేందుకు వేడినీళ్ల కుళాయి తిప్పి ఉంచాలి. సేఫ్టీ వాల్వు పిడి ఎత్తితే మీ 15 లీటర్లూ బకెట్లోకి దిగుతాయి. తేటగా వచ్చేదాకా నింపి వదలాలి. సున్నం ఇంకా పొడి రూపంలో ఉన్నప్పుడే ఇలా పోతుంది, పెచ్చు కట్టాక విప్పి గీకాల్సిందే. మళ్లీ నిండి కుళాయిలో ధార వచ్చాకే స్విచ్చి. ఖాళీ కడుపున వేశామా, కొత్త కాయిలూ పాతదాని దారే.

ఇదంతా అల్లుడు ఫోన్లో ఎక్కించుకున్నాడు. గుంటూరులో వాళ్ల గీజరుకి ఎనిమిదేళ్లట.

వచ్చే ఆయుధపూజకి బొట్టుతో పాటు బకెట్టూ తెస్తాను. చిత్తగించవలెను.