క్లీన్ ఎప్పుడో అయిపోయింది

తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాడికి చుట్టాల కొరత ఉండదు. శుక్రవారం సాయంత్రం అమ్మ ఫోన్ పెట్టేసి, "పలమనేరు మామ వాళ్లు రేపు మధ్యాహ్నం దిగుతారంట, ఏడు మంది. కొండకు పోవాలంట" అంది. ఆ వెంటనే నా కుర్చీ పక్కన నిలబడి పనులు చెప్పడం మొదలుపెట్టింది. ట్యాంకు కడగాలి, పరుపులు ఎండబెట్టాలి, బీరువా మీద సామాన్లు దించాలి, శ్రీనివాసంలో టోకెన్ల సంగతి కనుక్కోవాలి... పెన్ను వెతకడానికి బద్ధకించి, ఎదురుగా తెరిచి ఉన్న ఆఫీసు ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే అన్నీ టైప్ చేసి, 'క్లీన్' అని పేరు పెట్టి సేవ్ చేశాను. ఆ పేరుకు చివర 'డాట్ టీఎక్స్‌టీ' లాంటి తోక కూడా తగిలించలేదు.

రాత్రి తొమ్మిదికి ఒక హెడర్ ఫైల్ (చాలా కోడ్ ఫైళ్లు కలిసి వాడుకునేది) మార్చి 'మేక్' కొట్టాను. మారిన కోడ్‌ను మాత్రమే మళ్లీ కంపైల్ చేసి, అంటే మెషీన్ భాషలోకి మార్చి, ప్రోగ్రామ్ తయారుచేసే కమాండ్ అది. పాత తప్పే వచ్చింది. ఇది తెలిసిన జబ్బే. ఆ హెడర్‌ను ఏయే ఫైళ్లు వాడుకుంటున్నాయో మేక్‌ఫైల్‌లో, అంటే మేక్‌కు సూచనలిచ్చే ఫైల్‌లో, రాయకపోతే మేక్ వాటిని మళ్లీ కంపైల్ చెయ్యదు. రాయాల్సింది నేనే, రాయలేదు. దీనికి మందు 'మేక్ క్లీన్'. పాత ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ, అంటే ముందు కంపైల్ చేసి ఉంచిన ముక్కలన్నీ, ఊడ్చేస్తుంది. కొట్టాను.

'క్లీన్ ఈజ్ అప్ టు డేట్' అంది. అంటే, ఎప్పుడో అయిపోయింది, వెళ్లి పడుకో అని.

పాత ప్రోగ్రామ్‌నే పట్టుకుని లేని తప్పులు వెతుక్కునే బాధ తప్పించడానికే 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ఈ మేక్‌ను రాశాడు. సరిగ్గా ఆ పనే నేను రాత్రి పన్నెండు దాకా చేశాను, మేక్ సాయంతోనే.

చివరికి మా సీనియర్‌కు ఫోన్ చేశాను. నిద్రగొంతుతో, "ఆ ఫోల్డర్‌లో క్లీన్ అని ఫైలేమన్నా ఉందేమో చూడు బ్రో" అన్నాడు.

ఉంది. ట్యాంకు, పరుపులు, టోకెన్లతో సహా.

మేక్‌కు టార్గెట్ (మనం చెయ్యమన్నది) పేరంటే ఫైల్ పేరే. ఆ పేరుతో ఫైల్ కనబడింది, అది ఇంకే ఫైల్ మీదా ఆధారపడలేదు, కాబట్టి పని పూర్తయినట్టే. లోపల ఏం రాసుందో చదవదు. మేక్‌ఫైల్‌లో 'డాట్ ఫోనీ' అని ఒక్క వరుస రాసి పక్కన క్లీన్ అని పెడితే, ఇది ఉత్త పని పేరు, ఫైల్ కాదని గ్రహిస్తుంది. అర నిమిషం పని. నేనేమో మంట మీదుండి ఆ ఫైల్‌నే 'ఆర్ఎమ్' కొట్టి లేపేశాను. బిల్డ్ పాసయింది. హాయిగా పడుకున్నాను.

పొద్దున ఆరింటికి అమ్మ కొంగు బిగించి వచ్చింది. "నిన్న చెప్పిందంతా రాసుకున్నావు కదరా, చదువు. ఒక్కోటి చేసుకుంటా పోదాం."

ఆర్ఎమ్ కొట్టిన ఫైల్ చెత్తబుట్టలో కూడా దొరకదు.

"అన్నీ అయిపోయినాయమ్మా" అన్నాను, అచ్చం మేక్ లాగే.

అమ్మ మారుమాట్లాడకుండా మేడెక్కి ట్యాంకు మూత తీసింది.