విసుగు పుట్టించే పుస్తకం

ఉద్యోగ విరమణ చేసిన మా బావగారు ఒక బ్రిటిష్ హాస్య ధారావాహికను చూడమని సిఫారసు చేస్తూ, దాని సుగుణాలన్నింటినీ లేనివాటి లెక్కగానే ఏకరువు పెట్టారు. అందులో ఎవరూ అరవరట, పాలలో విషం కలిపే అత్తగారు లేరట, ఒక్క మాటకు నలుగురి మొహాలను మూడేసిసార్లు చూపించరట. మన ధారావాహికలు చూసి చూసి ఉన్నవాణ్ణి కనుక, ఇన్ని లేకపోవడమే మహాభాగ్యమని తలచి, 1992 నుంచి 2005 వరకు బీబీసీ ప్రసారం చేసిన 'యాజ్ టైమ్ గోస్ బై'ని నిష్ఠగా చూడనారంభించాను. జూడీ డెంచ్, జెఫ్రీ పామర్‌ల నటనకు వంకపెడితే కళ్ళు పోతాయి కాబట్టి ఆ సాహసం చెయ్యను. మలివయసు జీవితమని చెప్పే ఈ కథ మొదలయ్యేనాటికి ఆవిడకు 57 ఏళ్ళేనన్న సంగతిని కూడా పెద్దమనసుతో వదిలేస్తున్నాను.

1953లో లండన్‌లో నర్సు చదువు చదువుతున్న జీన్, సైన్యంలో ఉన్న లయొనెల్ ప్రేమించుకుంటారు. అతణ్ణి కొరియా పంపిస్తారు. అక్కడినుంచి రాసిన ఉత్తరం ఆమెకు చేరదు. మరిచిపోయాడని ఆమె, వద్దనుకుందని అతడు ఎవరికి వారే నిర్ణయించేసుకుని, 38 ఏళ్ళ తర్వాత అనుకోకుండా ఎదురుపడతారు. యుద్ధంలో ఒక ఉత్తరం పోవడం వింతేమీ కాదు. నన్ను నిద్రపోనివ్వనిది రాయని రెండో ఉత్తరం. మన ఇళ్ళలోనైతే, జవాబు రానివాడు "ఇంతకు మునుపు రాసిన ఉత్తరము అందియుండునని తలంచుచున్నాను" అంటూ రెండోది రాసేవాడు, మూడోది అమ్మాయి మేనమామకు రాసేవాడు, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ట్రంకు పెట్టె పట్టుకుని బస్సెక్కి సరాసరి గుమ్మంలో దిగేవాడు. వీరిద్దరి ఆత్మాభిమానం ఒక్క తపాలా బిళ్ళ ఖర్చు మిగిల్చింది, బీబీసీకి పదమూడేళ్ళ పని కల్పించింది. సరే, ప్రేమికుల తెలివితేటల మీద విచారణ సంఘం వెయ్యలేం కదా.

అసలు కథ పుస్తకంతో మొదలవుతుంది. సైన్యం వదిలాక లయొనెల్ కెన్యాలో కాఫీ తోట సాగుచేసి, తిరిగివచ్చి 'మై లైఫ్ ఇన్ కెన్యా' అని ఆత్మకథ రాస్తున్నాడు. ఆ పుస్తకం భరించలేనంత విసుగ్గా ఉంటుందన్నదే ధారావాహికలో పదేపదే పండించుకునే హాస్యం. ఆ రాతప్రతిని నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. నాలుగో అధ్యాయంలో వాన పడుతుంది. ఐదో అధ్యాయంలో పడదు. ఆరో అధ్యాయంలో, నాలుగో అధ్యాయంలో పడిన వాన కాఫీ పూతకు మంచిదా కాదా అని పొరుగు తోట దొరతో చర్చ జరుగుతుంది. ఏడో అధ్యాయంలో వంటవాడు టీ తెస్తాడు. కాఫీ తోటలో టీ ఏమిటని టైపు చేసే పిల్ల అడుగుదామనుకుంటుంది గానీ, అప్పటికే ఆమె తల యంత్రం మీద వాలిపోయి ఉంటుంది. ఎనిమిదో అధ్యాయంలో ఆ వంటవాడు కనిపించడు. ఎక్కడికి పోయాడో రచయిత రాయడు.

నాకు మాత్రం ఆ వంటవాడి ఆచూకీ కావాలి. అప్పట్లో బ్రిటిష్ వలస అయిన కెన్యాలో, జనం తిరుగుబాటును అణచడానికి 1952 అక్టోబరులో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 1960 దాకా ఎత్తలేదు. శ్రేష్ఠమైన ఎత్తు నేలలను తెల్లవారికి కట్టబెట్టి, ఆఫ్రికా రైతు తన గడ్డ మీద తాను కాఫీ మొక్క నాటుకోకుండా దశాబ్దాలపాటు ఆంక్షలు పెట్టిన పాలన, తిరగబడిన వారిలో వెయ్యిమందికి పైగా ఉరితీసింది. 1959 మార్చిలో హోలా నిర్బంధ శిబిరంలో పదకొండుమందిని కొట్టి చంపి, నీళ్ళు తాగడం వల్ల పోయారని ప్రకటించారు. నీళ్ళు తాగడం వల్లనట! అటువంటి దేశంలో తోట నడిపినవాడి జ్ఞాపకాలు విసుగ్గా ఉన్నాయంటే అది హాస్యం కాదు, సిగ్గులేనితనం. చూడదగ్గ ప్రతిదాని నుంచీ చూపు తిప్పుకుంటే తప్ప ఒక మనిషి ఆత్మకథ అంత చప్పగా తయారుకాదు.

పోయిన కాగితాల మీద అంత బెంగపెట్టుకున్న దేశం కదా, వలస పాలన నాటి ఫైళ్ళను మాత్రం గుట్టలు గుట్టలుగా హాన్స్‌లోప్ పార్క్ అనే తన విదేశాంగ శాఖ స్థావరంలో దాచిపెట్టి, 2011లో న్యాయస్థానం ముందు బయటపెట్టవలసి వచ్చింది. వాటి కోసం ఎవరూ ముప్పై ఎనిమిదేళ్ళు నిట్టూర్చలేదు. 2012లో డెబ్భై, ఎనభై దాటిన ముగ్గురు కెన్యా వృద్ధులు, శిబిరాల్లో తమ ఒంటి మీద జరిగింది చెప్పుకోవడానికి లండన్ హైకోర్టుకు వచ్చారు. ప్రభుత్వ న్యాయవాదులు ఏమన్నారో తెలుసా? చాలా కాలం గడిచిపోయింది కనుక న్యాయమైన విచారణ ఇక సాధ్యం కాదన్నారు! ధారావాహికలో కాలం గడిచేకొద్దీ ప్రేమ చిక్కబడుతుంది, కోర్టులో కాలం గడిచేకొద్దీ నేరం పలచబడాలి. న్యాయమూర్తి ఆ వాదన ఒప్పుకోలేదు. మరుసటేడు ప్రభుత్వం బాధ్యత ఒప్పుకోకుండానే విచారం వెలిబుచ్చి, కోర్టు ఖర్చులతో కలిపి 5,228 మందికి 1 కోటి 99 లక్షల పౌండ్లతో సరిపెట్టింది. జీన్, లయొనెల్ టీ తాగే హాలండ్ పార్క్ ఇంటికి ఆ కోర్టు నుంచి భూగర్భ రైలులో అరగంట కూడా పట్టదు.

నిన్న బావగారు ఫోన్ చేసి, "ఏమోయ్, ఆ పుస్తకం దాకా వచ్చావా? భలే నవ్వొస్తుంది కదూ!" అన్నారు. వచ్చానండీ, అక్కడే ఆగిపోయాను అన్నాను.