యాసిడ్‌కు తెల్లపొర ఏదో, జాయింటు ఏదో తెలియదు

గృహప్రవేశానికి రెండు రోజుల ముందు కొత్త ఇంటి గుమ్మం దగ్గర నిలబడితే గొంతు పట్టేసే ఘాటు ఒకటి తగులుతుంది. టైల్స్ మీద ఎండి అతుక్కుపోయిన వైట్ సిమెంటును వదిలించడానికి మేస్త్రీ లోపల యాసిడ్ పోశాడని దాని అర్థం. నురగ పొంగుతుంది, తెల్లపొర పోతుంది, టైల్ మెరుస్తుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఈ పద్ధతిని ఇళ్లలో పూర్తిగా మానుకోవాలని నా వాదన. శుభ్రం చేయిస్తున్నామనుకుంటూ, నిన్న డబ్బిచ్చి నింపించిన జాయింట్లనే ఈ రోజు కరిగించుకుంటున్నాం.

టైల్ మీద పొరగా మిగిలినదీ, రెండు టైల్స్ మధ్య సందులో నిండినదీ ఒకే తట్టలో కలిపి ఒకే పూట పూసిన ఒకే సరుకు. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే కాల్షియం హైడ్రాక్సైడు గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని క్రమంగా కాల్షియం కార్బనేటుగా, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థంగానే మారుతుంది. మేస్త్రీ పోసే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఈ రెండింటినీ నీళ్లలో కరిగే కాల్షియం క్లోరైడుగా మార్చేస్తుంది. మనం చూసి మురిసిపోయే నురగ కార్బనేటులోంచి వెలువడే వాయువే. పైపొరను తిని, సందులోని దానిని విడిచిపెట్టే విచక్షణ ఆ ద్రవానికి ఎక్కడి నుంచి వస్తుంది? పైగా గాజులా దట్టంగా కాల్చిన విట్రిఫైడ్ టైల్ పీల్చే నీరు దాని బరువులో అర శాతానికి మించదు. సిమెంటు జాయింటు అలా కాదు, దాని నిండా సన్నని రంధ్రాలే. పోసిన యాసిడ్ ఇంకేది, ఎక్కువసేపు నిలిచేది అక్కడే.

మా ఇంటి స్నానాల గదిని ఇలా కడిగించిన ఆరేడు నెలలకు, కుళాయి కింద మూలలో జాయింటు మీద గోరు ఆనిస్తే తడి ఇసుకలాంటి పొడి రాలింది. ఆ సందు వెంట దిగిన నీటికి పక్క గది గోడ అడుగున పెయింటు ఉబ్బింది. కుళాయి పిడి మీది క్రోమ్ పూతకు అంతకుముందే నల్లని చుక్కలు తేలాయి, ఎందుకంటే పోసింది నేల మీదే అయినా ఆవిరి గదంతా తిరుగుతుంది.

తాండూరు బండలో, బేతంచర్ల బండలో పరిచిన ఇళ్లలో నష్టం ఇంకా పెద్దది. అవి స్వతహాగా సున్నపురాళ్లు. మార్బుల్‌దీ అదే జాతి. అక్కడ యాసిడ్ సందుతో ఆగకుండా రాయినే తింటుంది. పాలిష్ పోయి గరుకు మచ్చ తేలాక మళ్లీ మెషీన్ పెట్టి పాలిష్ పట్టించడం తప్ప దారి లేదు. ఇక సందులు నింపిన గ్రౌట్ (జాయింటు నింపే ముద్ద) ఎపాక్సీది అయితే అది రెసిన్, సిమెంటు కాదు. ఎన్ని సీసాలు పోసినా కదలదు, దానికి తయారీదారు చెప్పిన రిమూవరే వాడాలి.

ఎన్నో ఏళ్లుగా ఇలాగే చేస్తున్నామనీ, చవకలో పది నిమిషాల్లో పని అయిపోతుందనీ మేస్త్రీలు అంటారు. అందులో నిజం లేకపోలేదు. ముందుగా జాయింట్లను నీళ్లతో బాగా తడిపి, యాసిడ్‌ను బాగా పలచన చేసి, వెంటనే పుష్కలంగా కడిగేస్తే విట్రిఫైడ్ టైల్ మీద నష్టం తగ్గుతుంది. కానీ నేను చూసిన ఏ ఇంట్లోనూ కొలిచి కలపలేదు, తడిపి పోయలేదు.

ఎండిన పొర నిమ్మ ఉప్పుకు, అంటే సిట్రిక్ యాసిడ్‌కు కూడా లొంగుతుంది. జాయింట్లను ముందు నీళ్లతో తడిపి, లీటరు గోరువెచ్చని నీటిలో రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి పొర మీద రాసి, ఐదు నిమిషాలాగి కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. ఒక్కసారికి పోకపోతే రెండోసారి, మూడోసారి చేయాలి. అదీ ఆమ్లమే కనుక సున్నపురాయి బండల మీద వాడకూడదు. కానీ పొగలు రావు, చేయి కాలదు, పని మన అదుపులో ఉంటుంది. గడ్డకట్టిన చోట ప్లాస్టిక్ స్క్రేపర్ చాలు. పాత జాయింటునే తీసి కొత్తది నింపాలంటే మాత్రం కార్బైడ్ అంచున్న చేతి రంపంతో సందు లోతులో కనీసం సగం వరకు గీకాలి. ఆ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తులకు హానికరం కనుక నీళ్లు చల్లుతూ, మాస్కు కట్టుకుని చేయాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మేస్త్రీ వెళ్లాక ఇంట్లో మిగిలే సగం సీసా. 2008లో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద జరిగిన యాసిడ్ దాడిని తెలుగువాళ్లం మరచిపోలేదు. 2013 జూలై 18న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితురాలు లక్ష్మి వేసిన కేసులో, కొన్నవారి వివరాలు రిజిస్టరులో రాయాలనీ, గుర్తింపు కార్డు చూడాలనీ, 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదనీ స్పష్టంగా ఆదేశించింది. మా వీధి చివరి దుకాణంలో నన్ను ఇంతవరకు ఎవరూ కార్డు అడగలేదు. టైల్స్ కడగడానికన్న ఒక్క మాట ఆ సీసాను మామూలు ఇంటి సరుకుగా మార్చేసింది. ఆ తర్వాత దాన్ని పట్టుకునేది గ్లవ్స్ లేని పనిమనిషి చేతులు. అదే నేల మీద ఆమె బ్లీచింగ్ పౌడర్ కూడా చల్లితే పుట్టేది క్లోరిన్ వాయువు. తలుపు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణాంతకం.

అసలు పొర ఎండేదాకా ఆగవలసిన అవసరమే లేదు. గ్రౌట్ పూసిన పావుగంట, అరగంటలోపు తడి స్పాంజితో తుడిచి, ఆరాక పొడిబట్టతో మరోసారి తుడిస్తే మిగిలేది ఏమీ ఉండదు. చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకున్న రేటులో ఆ తుడుపుకు కూలి లేదు కాబట్టే మేస్త్రీ దాన్ని వదిలేసి పక్క గదికి వెళ్తున్నాడు. ఆ తప్పు అతనిది కాదు, రేటు మాట్లాడిన మనది. టైల్స్ పనికి ఒప్పుకునే రోజునే ఆ తుడుపు కోసం పూట కూలి అదనంగా కట్టి, యాసిడ్ వాడకూడదని కాగితం మీద రాసుకోవాలి.